రెండు వేళ్ల నీలి పట్టీ

బొమ్మల కార్ఖానాలో ఆమెను అందరూ సూదమ్మ అనేవారు. ముప్పై రెండేళ్లుగా మూరెడు బొమ్మలకు దేశపు దుస్తులు కుడుతున్న మనిషికి అంతకంటే తగిన పేరు ఎవరు పెట్టగలరు? ఎర్ర లంగా, తెల్ల రవిక, తలకు చుట్టిన గళ్ల గుడ్డ, లంగా అంచున రెండు వేళ్ల వెడల్పు నీలి పట్టీ. విమానాశ్రయం దుకాణంలోనూ, పరాయి మంత్రుల గాజు బీరువాల్లోనూ ఈ దేశమంటే ఆ బొమ్మే.

ఆ నీలి పట్టీ సంగతి మాత్రం సూదమ్మకూ, బొమ్మలకు కళ్లు దిద్దే కళ్లాయనకూ తప్ప మూడో మనిషికి తెలియదు. ఆమె పనిలో చేరిన ఏడాది విదేశీ అతిథుల కోసం రెండు వందల బొమ్మలు కావాలన్నారు. సూదమ్మ కొలత తప్పి కత్తిరించింది. ప్రతి లంగా రెండు వేళ్లు పొట్టిదై, బొమ్మల తీగ కాళ్లు బయటపడ్డాయి. చేరి నెల కాలేదు, ఉద్యోగం ఊడడం ఖాయమనుకుంది. ఆఫీసు కిటికీల పరదాలు కుట్టగా మిగిలిన నీలి గుడ్డ మూలన పడి ఉంటే, దాన్నే చీల్చి అంచులకు వేసేసింది.

అతిథులు మెచ్చుకున్నారు. అతిథులు మెచ్చుకున్నారు కాబట్టి అధికారులూ మెచ్చుకున్నారు. ఐదేళ్లకు పట్టీ తపాలా బిళ్ల మీదికెక్కింది. పదేళ్లకు పాఠ్యపుస్తకంలో దూరింది: నీలి పట్టీ మన నదులకు గుర్తట. అది చదివి కళ్లాయన పొట్ట చెక్కలయ్యేలా నవ్వాడు.

“పరదాలకు పట్టిన యోగం చూశావా, సూదమ్మా!”

మొదట్లో ఆమెకూ నవ్వొచ్చేది.

ఉద్యోగం నుంచి దిగిపోవడానికి ఇంకో నెల ఉందనగా, మ్యూజియం వాళ్లు పాత దుస్తులు సేకరిస్తున్నారని తెలిసింది. సూదమ్మ ట్రంకుపెట్టె అడుగు నుంచి తన తల్లి లంగా తీసింది. మోకాళ్ల దగ్గర వెలిసిపోయిన ఎర్ర లంగా, ఒకచోట అతుకు. తల్లికి ఫోటో కూడా లేదు. ఆమె బతికిందనడానికి మిగిలింది అదొక్కటే. దాన్ని నలుగురూ చూసేచోట నిలబెట్టాలని సూదమ్మకు ప్రాణం కొట్టుకుంది.

మ్యూజియం అధికారి కుర్రవాడు, మర్యాదస్తుడు. చేతులకు తొడుగులు వేసుకుని లంగాను తిరగేసి మరగేసి చూశాడు.

“నేత బ్రహ్మాండంగా ఉందమ్మా. నీలి పట్టీ ఏది మరి?”

“లేదు బాబూ. మా అమ్మ కాలంలో ఎవరికీ లేదు. అది నేను పెట్టింది, గుడ్డ చాలక.”

పెద్దవాళ్ల మతిమరుపును చూసి నవ్వినట్టు నవ్వాడతను. “చిన్నప్పుడు పుస్తకంలో చదువుకున్నాం కదమ్మా. మీ అమ్మగారిది ఊడిపోయుంటుంది. పట్టీ లేకపోతే కమిటీ ఒప్పుకోదు.”

ఎవరు తీసిన గోతిలో వాళ్లే పడతారంటారు. సూదమ్మ గోతికి ముప్పై రెండేళ్ల లోతుంది.

ఆదివారం నీలి గుడ్డ ముందేసుకుని కూర్చుంది. తల్లి ఎదురుగా నిలబడి అబద్ధమాడుతున్నట్టు సిగ్గేసింది. అయినా కుట్టింది. కచ్చా కుట్టే వేసింది, కొసన ముడి వేయలేదు. ఒక్క దారం లాగితే పట్టీ మొత్తం ఊడి రావాలి. ముందు లంగాను లోపలికి పోనీ, తర్వాత అందరి ముందూ లాగుతాను, అప్పుడేమంటారో చూద్దామనుకుంది. కమిటీ మారుమాట లేకుండా ఒప్పుకుంది.

ప్రదర్శన మొదలైన రోజు హాలు కిటకిటలాడింది. లంగాను చెక్క మనిషికి తొడిగి, చుట్టూ తాడు కట్టారు. సూదమ్మ తాడు మీదుగా వంగి, వేలాడే దారం కొసను రెండు వేళ్లతో పట్టుకుంది.

పక్కన ఎవరో ముక్కు చీదారు. ఎనభై ఏళ్ల పైబడిన ముసలావిడ, మనవరాలి భుజం పట్టుకుని నిలబడి లంగానే చూస్తోంది.

“మా అమ్మదీ అచ్చం ఇదే. ఆ నీలి పట్టీ పట్టుకునే నేను నడక నేర్చుకున్నానే” అంది మనవరాలితో.

సూదమ్మ వేళ్లు ఆగిపోయాయి. ఆవిడ నడక నేర్చిన నాటికి ఆ పట్టీ ఈ లోకంలో లేదు. ఆ మాట చెప్పాలంటే ఆవిడ చేతిలోంచి వాళ్లమ్మను లాగేయాలి. సూదమ్మకు అంత ధైర్యం లేకపోయింది.

“ఏమైందమ్మా?” అంటూ అధికారి దగ్గరికొచ్చాడు.

“దారం వదులుగా ఉంది బాబూ, ఊడిపోయేలా ఉంది. క్షణం ఆగితే బిగిస్తాను.”

సూదీ దారమూ ఆమె సంచిలో ఎప్పుడూ ఉండేవే. మోకాళ్ల మీద కూర్చుని, కార్ఖానాలో కుట్టినట్టే దగ్గర దగ్గరగా గట్టి కుట్టు వేసింది. కొసన రెండుసార్లు ముడివేసి, దారం పళ్లతో కొరికింది.

ముసలావిడ తాడు మీదుగా వంగి అడిగింది. “మీ అమ్మదీ ఇలాగే ఉండేదా తల్లీ?”

“ఇలాగే ఉండేది, పెద్దమ్మా” అంది సూదమ్మ.