దురదాకు నీళ్లు

ఆకుల కొనలు మాడుతున్నాయని కళ్లతో చూస్తూనే ఈ పొద్దున కూడా డబ్బా నిండా దురదాకు నీళ్లు ఎందుకు పోశాను, అనుకుంది లూషా. చూడటం వేరు, ఆగడం వేరు. అరవై రెండేళ్లు వచ్చాక కూడా ఈ రెండూ కలవలేదు.

పెరట్లో నాలుగు గంజాయి మొక్కలు ఉన్నాయి. ఈ దేశపు చట్టం ఇంటికి ఒప్పుకునేది అన్నే. సెప్టెంబరు చివరికొచ్చింది, స్లోకాన్ లోయ పైన కొండకొమ్ముకు మంచు తెల్లదనం అంటింది. ఈపాటికి పూగుత్తులు బరువెక్కి కొమ్మలు వంగాలి. ఇవి ఇంకా ఆకులే వేస్తున్నాయి. ముదురు పచ్చటి ఆకులు, కొనలు పక్షిగోళ్లలా కిందికి ముడుచుకున్నవి.

ఆ విత్తనం తమ్ముడు ఫెద్యా ముప్పై ఏళ్లుగా దాచుకుంటూ వచ్చింది. వెన్నులో కణితి పెరిగాక అతనికి కాస్త నిద్రపట్టించేది ఇదొక్కటే. దుకాణంలో అమ్మేది పీలిస్తే గుండెదడ. నిరుటి పంట ఆగస్టులో అయిపోయింది. అప్పటినుంచి అతను రాత్రిళ్లు గోడకు ఆనుకుని కూర్చుంటాడు. ఆమె పక్కగదిలో ఆ కూర్చోవడాన్ని వింటుంది.

కంచె అవతలి నుంచి రస్ వచ్చాడు. ఏభై ఏళ్లుగా గంజాయే పెంచుతున్న ముసలాయన. మొక్కల పక్కనున్న పీపా మూత ఎత్తి, కంపుకు మొహం తిప్పుకున్నాడు.

"ఏంటమ్మా ఇది, ఎవర్నైనా చంపి నానబెట్టావా?"

"దురదాకు నానబెట్టిన నీళ్లు. మా అమ్మ క్యాబేజీలకు ఎరువుగా పోసేది. మా వాళ్లందరూ పోస్తారు, కోసేదాకా."

"క్యాబేజీకి ఆకే కదా పంట. దీనికి పువ్వు కావాలి." ఒక మొగ్గను భూతద్దం కింద పెట్టి చాలాసేపు చూశాడు. "జిగురు ఇంకా నీళ్లలాగే ఉంది. పాలలా తెల్లబడాలి. పూత కనబడగానే దురదాకు ఆపెయ్యాలి. అరటితొక్కల నీళ్లు, అప్పుడప్పుడు చెంచాడు మొలాసిస్ పాకం, సముద్రపు నాచు ఉంటే చిటికెడు. ఆఖర్న అవీ వద్దు."

"అవీ పోశాను."

"ఏవి?"

"అన్నీ. రోజూ."

"బోర్ష్ సూపు వండుతున్నాననుకున్నావా, దొరికిందల్లా పడెయ్యడానికి?"

అతను భూతద్దం జేబులో పెట్టుకున్నాడు.

"ఇంక ఉత్తనీళ్లే. మంచు పడే రాత్రి దుప్పటి కప్పు. మూడు వారాలు చూడు. ఇప్పుడు కోస్తే సగం బలం ఉండదు."

రస్ వెళ్లాక ఆమె పీపా పక్కన నిలబడింది. ఆ మాట తెలియనిది కాదు. ఫెద్యా జూలైలోనే చెప్పాడు. కానీ ప్రతి పొద్దునా అతను ముట్టని సూపు గిన్నె వెనక్కి వచ్చేది. దాన్ని సింకులో వొంపాక చేతులకు ఇంకో నోరు కావలసివచ్చేది. మొక్క వద్దనదు. ఆకలి లేదని మొహం తిప్పుకోదు. పూత కోసం పోస్తున్నానని తనకు తాను చెప్పుకుంది. అలసటలో మనిషి తనకు చెప్పుకునే అబద్ధాలు ఎంత శుభ్రంగా ఉంటాయో.

ఫెద్యా వసారాలో బొంత కప్పుకుని ఉన్నాడు.

"ఏమన్నాడు రస్?"

చలికి ఆలస్యమైందట అని చెప్పడం తేలిక. ఆ మాట నోటిదాకా వచ్చింది.

"నేనే చెడగొట్టానురా. దురదాకు ఆపలేదు."

"తెలుసు. ఆ కంపు నా కిటికీలోంచే కదా వచ్చేది."

"మరి అనలేదేం?"

"నీకు ఏదో ఒక దాంట్లో పొయ్యాలి కదక్కా. నా గొంతులో పొయ్యడం కంటే నయమనుకున్నా."

కింద రోడ్డు మీద కలప లారీ ఒకటి పోయింది.

"మూడు వారాలు ఆగితే బాగుపడుతుందట."

"దానికి బాగానే ఉంటుంది." అతను కళ్లు మూసుకున్నాడు. "నాకు ఇవాళ పడుకోవాలనుంది. సగం బలమైతే సగం నిద్ర. పొయ్యిలో సన్నసెగ మీద ఆరబెట్టు, రుచి పోతే పోనీ."

"పచ్చిదిరా అది."

"నేను పండిపోయాగా, సరిపోతుంది."

ఆమె కత్తెర తీసుకుని పెరట్లోకి వెళ్లింది. ముందు అడుగున ఉన్న సన్నటి కొమ్మ దగ్గర వంగింది. పోయినా నష్టంలేనిది. మిగతావి పెరుగుతాయి, మూడు వారాలకు గుత్తులు నిండుతాయి, అప్పటికి ఫెద్యా... అప్పటికి అన్న మాట దగ్గర ఆలోచన ఆగిపోయింది, దాని అవతల ఏమీ కనబడలేదు.

నడుం నిలబెట్టి, నడిమి మొక్కను మెడ దగ్గర పట్టుకుని, అన్నిటికంటే పెద్ద గుత్తి ఉన్న పైకొమ్మను కోసింది.