వెనక మడి

చెప్పుల్లోకి మట్టి దూరింది, దులుపుకుందామంటే ఒంటికాలి మీద నిలబడాలి, నిలబడితే ఈ ప్రాజెక్టు ఆఫీసరు మేడమ్ మేడమ్ అంటూ పరుగెత్తుకొచ్చి చెయ్యందిస్తాడు, అంతకన్నా మట్టే నయం, వ్యవసాయ పథకాలు ఎలా నడుస్తున్నాయో చూసి రాసే ఉద్యోగమంటే ఇదే మరి, ఎవరి పొలమో చూడటం, తలూపడం, కారెక్కడం, ఊపీ ఊపీ ఈ మెడ దానంతటదే ఊగుతోంది, ఇదిగో మేడమ్, ముందుది మన కొత్త విత్తనం, వెనకది పాతది, తేడా మీరే చూడండి అంటున్నాడు, చూస్తున్నాను బాబూ, రోడ్డు పక్క మడి పచ్చగా నడుం దాకా ఉంది, వెనక మడి వాడిపోయి నేలకు వాలింది, ఇంకేం కావాలి, బాగుందని రాసేస్తే వచ్చే పంటకి అందరికీ ఇదే విత్తనం, నేను ఇంటికెళ్ళి కాళ్ళు వేడినీళ్ళలో పెట్టుకోవచ్చు.

సంచిలో ఫోను కొట్టుకుంటోంది, తమ్ముడే, వాడు తప్ప ఇంత పట్టుగా ఎవరు చేస్తారు, నిన్న కూడా ఇదే ప్రశ్న, అక్కా, మీ వాళ్ళ విత్తనం మాకూ ఇస్తారట, ఉన్న పొలమంతా అదే వేసెయ్యనా, పోయిందంటే ఈసారి పొలం అమ్ముకోవడమే, అని నవ్వాడు, వాడు నవ్వాడంటే భయపడుతున్నాడని అర్థం, చిన్నప్పుడు గోడ మీంచి పడబోతూ కూడా అలాగే నవ్వాడు, చూసి చెప్తాలేరా అన్నాను, చూశానుగా, వేసుకోమంటే సరి, ఫోను తీయబోతుంటే రైతు భార్య మంచినీళ్ళు అందిస్తూ, ఎండ పడదేమోనమ్మా మీకు, మీరొస్తారని ఉన్న నీళ్ళన్నీ ఈ ముందు మడికే కట్టాం, నాటినప్పటి నుంచీ అంతే, ఇది ఎండితే పేరు పోతుందన్నారు సారు, అంది, మరి వెనకదానికో అంటే, దానికింకెక్కడివమ్మా అని నవ్వింది, ఆఫీసరు నవ్వలేదు.

ఒక కంట్లో వెన్న, ఒక కంట్లో సున్నం అనేది మా అమ్మ, తాగిన మడినీ తాగని మడినీ పక్కపక్కన నిలబెట్టి విత్తనం గొప్పదంటున్నారు, ఆ నీళ్ళు కట్టింది పంటకి కూడా కాదు, నా తల ఊగడానికి, ఆఫీసరు దగ్గరికొచ్చి గొంతు తగ్గించి, అన్నిచోట్లా ఇంతే కదా మేడమ్, పథకం ఆగిపోతే నా ఉద్యోగమూ పోతుంది, ఇద్దరు పిల్లలండీ అన్నాడు, పాపం, అబద్ధమేమీ కాదు, జాలేసింది, తిలా పాపం తలా పిడికెడు, నా పిడికెడు నేనూ పట్టుకుంటే పోయేదేముంది, విత్తనం నిజంగా మంచిదేనేమో, కాదేమో, ఎవరికి తెలుసు, చచ్చేంత అలసటగా ఉంది, రేపు ఆలోచించొచ్చు, మళ్ళీ ఫోను, ఈసారి ఎత్తాను, అక్కా, వేసెయ్యనా, మళ్ళీ ఆ నవ్వే, నన్నడగకుండానే నోరు అనేసింది, వద్దురా, అంతా వెయ్యకు, ఇక్కడ ఎవరూ సరిగ్గా పండించి చూడలేదు, ఆఫీసరు వింటున్నాడు, విననీ, ఒకే పొలం చూసి తమ్ముడికో మాట, కాగితానికో మాట ఎలా చెప్పను, నా తమ్ముడికి వద్దన్నది ఇంకెవరి తమ్ముణ్ణీ వేసుకోమని రాయలేను.