ఆయిల్ ముల్లు

సూరత్ దాటి కడోదరా రోడ్డెక్కాక ఆయిల్ వేడి చూపే ముల్లు పైకి జరగసాగింది. ఆ పాత స్పోర్ట్స్ కారులో, వేడెక్కిన ఆయిల్‌ను కూలర్‌కు మళ్లించే థర్మోస్టాట్‌ను బాగుచేసింది వంశీధరే. అది తెరుచుకోకపోతే ఇంజను పట్టేస్తుంది.

"ఆపేద్దామండీ," అంది భార్య కాత్యాయని.

"ఆగు కాత్యా. ఆయిల్ బాగా కాగితేగానీ అది దారివ్వదు."

"అచ్చం మీ బ్యాంకు మేనేజరే. ఎదుటి మనిషి మరిగిపోతేగానీ పని కానివ్వడు."

వంశీధర్ బ్రేకు మీదికి పోబోయిన కాలిని ఆపుకున్నాడు. ముల్లు ఎర్రగీత అంచున తటపటాయించి, మెల్లగా వెనక్కి తగ్గింది. ఎవరూ చూడని చోట, బొటనవేలంత థర్మోస్టాట్ గొట్టంలో మైనం కరిగి, ఉబ్బి, తలుపు తీసింది. లోపలి వేడిని అంతసేపు ఓర్చుకుని, సరిగ్గా అవసరమైనప్పుడే వదలడం తనకెన్నడూ చేతకాలేదనుకున్నాడు. వేగం పెంచాడు, దాని మీద ఎంతో గౌరవంతో.