పిల్లిని చూసిన పిట్ట

పిల్లిని ఒక్కసారి చూసిన పిట్ట ఇక జన్మలో పాడదు. జార్జ్‌టౌన్‌లో ఈ సంగతి పిట్టలు పెంచేవాళ్ళకే కాదు, పిట్టలంటే గిట్టనివాళ్ళకు కూడా తెలుసు. ఆదివారం పొద్దున్నే సముద్రపు గోడ దగ్గర రెండేసి పంజరాలను ఎదురెదురుగా కట్టి, ఏ టోవాటోవా పిట్ట ముందుగా యాభై కూతలు పూర్తి చేస్తుందా అని చెవులు రిక్కించే మగవాళ్ళు, దారిలో పిల్లి కనబడితే చటుక్కున టోపీ తీసి పంజరానికి కప్పేవారు. తమ బట్టతల మాడినా వాళ్ళకు లెక్కలేదు.

కాంప్టన్ ఉద్యోగవిరమణ చేసిన భౌతికశాస్త్రం మాస్టారు. ఎవరైనా ఒక్క పిట్టనైనా పిల్లికి చూపించి పరీక్షించారా అని ఆయన ఏళ్ళ తరబడి అడుగుతూనే ఉన్నాడు. బంగారం లాంటి పిట్టను చేజేతులా చెడగొట్టుకోవడానికి మాకేం పిచ్చా సార్ అని వాళ్ళు నవ్వేవారు. ఆయనా నవ్వేవాడు. ఈ ఏడాది మాత్రం నవ్వు రాలేదు.

ఆయన భార్య వేవ్నీకి చూపు దాదాపు పోయింది. అద్దెకున్న ఆ రెండో అంతస్తు వాటాలో తూర్పు కిటికీ వెలుగు చూసి లేవడం ఆమెకు అలవాటు. ఇప్పుడు వెలుగూ చీకటీ ఒకే బూడిదరంగు. తెల్లవారడం కనబడకపోతే కనీసం వినబడాలని, ఒక పాడే పిట్ట కావాలని, పెళ్ళయ్యాక మొదటిసారి భర్తను నోరు తెరిచి ఒకటి అడిగింది. అయితే ఇంట్లో కసావా ఉంది. ఉడికిన కర్రపెండలం దుంప రంగులో ఉన్నందుకు ఆ పేరు పడ్డ ఆ పిల్లి రాత్రంతా ఆమె పాదాల మీదే పడుకుంటుంది.

కాంప్టన్ పద్ధతి ప్రకారం వెతకసాగాడు. చిలుక పిల్లిని ఎదిరించగలదు గాని, దాని అరుపుకు కింది వాటాలో రాత్రి డ్యూటీ చేసి పగలు నిద్రపోయే నర్సు ఇల్లు ఖాళీ చేస్తుంది. రంగురంగుల బుల్లి చిలుకల జతను చూశాడు. అవి బెదిరితే చువ్వలకు కొట్టుకుని ప్రాణం మీదకు తెచ్చుకుంటాయని దుకాణంలోని అమ్మాయే చెప్పింది. పైగా వాటిది కిచకిచే తప్ప పాట కాదు. పావురం గొంతు వేవ్నీకి నచ్చలేదు, తెల్లారగట్ల ఎవరో మూలుగుతున్నట్టుంటుందట. చివరికి మిగిలింది టోవాటోవా. దాని కోసం సముద్రపు గోడ దగ్గరికి వెళ్తే, ఇంట్లో పిల్లి ఉందని వినగానే ఒక్కరూ అమ్మడానికి ఒప్పుకోలేదు. అందరికంటే గట్టిగా కాదన్నవాడు దియోనరైన్, ప్రతి ఆదివారం గెలిచే పిట్టకు యజమాని. పిల్లిని ఎవరికైనా ఇచ్చేసి రమ్మని సలహా కూడా ఇచ్చాడు.

ఆ మాట ఇంట్లో చెప్పినప్పుడు వేవ్నీ కసావా వీపు నిమిరింది.

"దీన్నే ఉంచుకుందాంలే," అంది. "తెల్లారిందో లేదో నువ్వు చెబుదువుగాని. చెప్పడం నీకు ఎలాగూ ఇష్టమే కదా, మాస్టారూ."

ఆ ఎగతాళి వెనక ఆమె ఏం వదులుకుందో కాంప్టన్‌కు తెలుసు. మరొక్కసారి బతిమాలి చూద్దామని, ఆదివారం దాకా ఆగకుండా, ముందుగా చెప్పకుండా దియోనరైన్ ఇంటికే వెళ్ళాడు. తలుపు తీసిన అతని భార్య ధన్‌మతి, మొగుడు స్నానంలో ఉన్నాడంటూ ఆయనను తిన్నగా వంటింట్లోకి తీసుకెళ్ళి, రోటీ, గుమ్మడికూర ముందు పెట్టింది. కప్పు నుంచి దిగిన కొక్కేలకు రెండు పంజరాలున్నాయి. ఒకదానిలో గెలుపు పిట్ట. కింద బియ్యపు బస్తా మీద ఒక బలిసిన నల్లపిల్లి పొట్ట పైకి పెట్టి నిద్రపోతోంది.

తువ్వాలుతో వచ్చిన దియోనరైన్ గుమ్మంలోనే కొయ్యబారిపోయాడు.

"సార్, ఇది మీరు చూడకూడదు."

"ఎందుకు చూడకూడదు?" అంది ధన్‌మతి. "బియ్యంలో ఎలుకలు పడితే పట్టేది నువ్వా? నీకు పిట్ట వెనక పరిగెత్తడానికే టైము చాలదు."

"ఈ మాట గోడ దాకా పోతే, నా పిట్ట ఓడిన రోజున పిల్లి వల్లే అంటారు సార్."

"గెలిచిన రోజున?" అన్నాడు కాంప్టన్.

"గెలిచిన రోజున పిల్లి సంగతి ఎవరడుగుతారు?"

మూఢనమ్మకం ఎలా బతుకుతుందో ఇంత క్లుప్తంగా తాను తరగతిలో ఏనాడూ చెప్పలేదనుకున్నాడు కాంప్టన్. అప్పుడే పిల్లి లేచి ఒళ్ళు విరుచుకుంది. రెండో పంజరంలోని కుర్ర టోవాటోవా ఒకసారి తల వంచి చూసి, మళ్ళీ గడ్డిగింజలు ఒలుచుకోసాగింది. ఆయన తినడం ఆపి దానినే గమనించాడు. ఈ సంగతి గోడ దాకా పోనివ్వనని మాటిచ్చి ఆయన బయటికి వచ్చేటప్పుడు, ఆ పంజరం చేతిలో ఉంది.

పిల్లి స్వభావం మారుతుందన్న భ్రమ ఆయనకు లేదు. మార్చవలసినది కొక్కెం ఎత్తు. పడకగది కిటికీ పక్కన, బీరువాకూ కర్టెనుకూ అందనంత దూరంలో, దూలానికి కొక్కెం దిగగొట్టాడు. ఇంట్లో మనిషి లేనప్పుడు ఆ గది తలుపు మూసి ఉంచాలని నియమం పెట్టాడు.

పిట్ట పాడలేదు. వారం గడిచినా నోరు విప్పలేదు. చెప్తే విన్నారా అన్నట్టు చూశారు పొరుగువాళ్ళు. కొత్త చోటు గనక అని కాంప్టన్ కారణం చెప్పాడు. చెబుతున్నప్పుడు తన గొంతులో తనకే నమ్మకం వినబడలేదు. వేవ్నీ రోజూ మెలకువ రాగానే కిటికీ వైపు చెవి తిప్పేది, కాసేపటికి దిండు మీదకు తల వాల్చేది. ఆమె అలా తల వాల్చడం చూడలేక ఆయన వంటింట్లోకి తప్పుకునేవాడు.

ఒక పొద్దున అలాగే టీ నీళ్ళు పెట్టి, ఏదో చెప్పబోతూ గది గుమ్మంలోకి వచ్చాడు. వేవ్నీ చెయ్యెత్తింది.

"మాట్లాడకు," అంది మెల్లగా. "తెల్లారింది."

కిటికీ పక్క కొక్కేనికి వేలాడే పంజరంలో టోవాటోవా పాడుతోంది. ఆమె పాదాల మీద కసావా కళ్ళు విప్పార్చుకుని దానినే చూస్తోంది. టోవాటోవా కూడా పిల్లిని చూస్తూనే పాడుతోంది.