అట్ట మీద పేరు

హనుమకొండలో చేనేత దుకాణం నడిపే భారతికి కొత్తవాడ కట్టయ్య జంపఖానాల మీద అనుమానం పుట్టింది. పదిహేనేళ్లుగా ఆయనే నేసి, ఆయనే తెచ్చి దింపేవాడు. మూడు నెలలుగా భార్య సుగుణ ఆటోలో తెస్తోంది. ఆయన తెచ్చినవాటిలో చాలావాటికి ఎడమ అంచు కాస్త లోపలికి లాగినట్టుండేది. ఇప్పుడేమో అన్నిటికీ గీత గీసినట్టు ఉంటోంది. పవర్‌లూమ్ సరుకు కొని తన చేతిపనని ఇస్తున్నాడా?

పైగా ప్రతిదానికీ ‘అథెంటిక్’ అని అచ్చేసి, కట్టయ్య పేరు రాసిన అట్టముక్క కడుతున్నది తానే.

చెల్లెలు శ్రీలత కాలేజీలో ఇంగ్లిష్ చెబుతుంది. ఒకరోజు దుకాణంలో కూర్చుని ఆ అట్ట తిప్పి చూసింది. “ఈ మాట గ్రీకు భాషకెల్లి వచ్చిందక్కా. సొంతంగ తన చేతితోని చేసినోడు అని దాని మూలం. అసలుది అనే అర్థం తర్వాత వచ్చింది.”

“చేసినోడు ఎవరో నాకే తెల్వకపోతే?” అంది భారతి. ఆ రాత్రి నిద్ర సరిగా పట్టలేదు.

మర్నాడు పొద్దున్నే చెప్పకుండా కొత్తవాడ వెళ్లింది. ఇంట్లోంచి మగ్గం చప్పుడు వినిపిస్తోంది. “కట్టన్నా!” అని పిలవగానే చప్పుడు ఆగిపోయింది. సుగుణ వచ్చి గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

“ఆయన లేడమ్మా. మరిపెడకు పోయిండు.”

“మరి మగ్గం ఎవరు నడుపుతాండ్రు?”

సుగుణ గుమ్మంలోంచి కదల్లేదు. లోపలినుంచి ముద్దగా ఒక గొంతు వినిపించింది. “రానియ్యే.”

కట్టయ్య కుర్చీలో ఉన్నాడు. కుడి చెయ్యి ఒడిలో పడి ఉంది. పక్షవాతం వచ్చి మూడు నెలలైందట. పది రోజులు దవాఖానలో ఉన్నాడట. నేస్తున్నది సుగుణ.

భారతికి జాలేసింది. అయినా అనుమానం పూర్తిగా పోలేదు. “ఏమనుకోకు సుగుణక్కా, జర కూసొని నెయ్యి. చూస్త.”

సుగుణ ముఖం గట్టిపడింది. కూర్చుని నాలుగు వరసలు నేసింది. అంచు ఇటూ అటూ జరగలేదు. భారతి తల దించుకుంది.

“నాకెందుకు చెప్పలే?”

“మీ అట్ట మీద ఆయన పేరే ఉండె. నా పేరుకు ఎవరు కొంటరు?” సుగుణ మగ్గం వైపే చూస్తూ అంది. “ముప్పై ఏండ్ల సంది సగం నేసింది నేనే. అప్పుడెవ్వరు అడగలే.”

“ఇగ నీ పేరే రాస్త.”

కట్టయ్య ముఖం గోడవైపు తిప్పుకున్నాడు. అటే చూస్తూ, “రాయుండ్రి. ఆమెదే గద,” అన్నాడు.

కొత్త అట్టలు వచ్చాక హైదరాబాద్ నుంచి ఎప్పుడూ కొనే ఒకాయన ఫోన్ చేశాడు. ఈ సుగుణ ఎవరు, ఇవి అసలువేనా అని గుచ్చి గుచ్చి అడిగాడు.

“నేసేటప్పుడు ముందట నిలబడి చూసిన,” అంది భారతి. ఆయన సరేనన్నాడు గానీ గొంతులో నమ్మకం లేదు.

సుగుణ ఇప్పటికీ సరుకు తెస్తుంది. “అంచు చూసుకోండ్రి,” అని దింపుతుంది. భారతి చాయ్ తెప్పిస్తే, పనుందని గుమ్మంలోంచే వెళ్లిపోతుంది.