ఎడమవైపు నడిపితే

పొద్దున ఆరింటికి అబ్దుల్ ఘనీ కారు తుడుస్తాడు. ఆరున్నరకి సురయ్యా యజమాని పిల్లలకు తలలు దువ్వి, సాండ్‌విచ్‌లు డబ్బాల్లో సర్ది వెనక సీట్లో కూర్చోబెడుతుంది. ఏడింటికి బడి. రియాద్‌లో, మలాజ్ పేటలోని ఆ ఇంట్లో ఐదేళ్లుగా ఇదే వరస. ఇద్దరిదీ రాయచోటి. అతను డ్రైవరు, ఆమె ఆయా. ఇద్దరి పాస్‌పోర్టులూ కఫీలు దగ్గరుంటాయి. కఫీలంటే వీసా ఇచ్చి తెచ్చుకున్న యజమాని. అతను ఊఁ అనందే ఇంటికి పోవడానికి లేదు.

ఘనీతో ఒక సంగతుంది. రోడ్డుకు ఎడమవైపున ఎక్కువ దూరం నడిపితే ఆ రోడ్డు మెల్లగా వాళ్ల ఊరి రోడ్డైపోతుంది. సౌదీలో బళ్లన్నీ కుడివైపున పోతాయి కాబట్టి చిక్కు రాలేదు. ఒక్కసారి మాత్రం చెత్తలారీని తప్పించబోయి ఇరవై గజాలు ఎడమకు పోయాడు. వైపరుకు పూలతో సహా తంగేడు కొమ్మ చిక్కుకుంది.

"అది తీసెయ్, బడికి ఆలస్యమవుతోంది" అంది వెనక సీట్లోంచి మదాం, కఫీలు భార్య.

ఆ కొమ్మను సురయ్యా వంటింట్లో గ్లాసులో పెట్టుకుంది.

"ఇంకో మైలు అట్నే పోయింటే ఏమయ్యేది భాయ్?"

"పోలీసు పట్టుకునేవాడు మే."

సురయ్యా ఒప్పందం రెండేళ్లు. ఎనభై తొమ్మిదిలో పోవాలి. అప్పుడు కఫీలు చంటిబిడ్డకు జ్వరం. తొంభైలో కువైట్ గొడవ. తొంభై ఒకటి జనవరిలో రియాద్ మీద సైరన్లు మోగాయి, కిటికీలకు టేపులు అంటించారు, విమానాలు లేవు. అందరూ అభా కొండలకు పోయి తలదాచుకున్నారు. ఆ ఘాటు ఎక్కింది కూడా కుడివైపునే, కాబట్టి అభాకే చేరారు. యుద్ధం అయ్యాక ఆఫీసుల్లో రద్దీ. తర్వాత రంజాను. తర్వాత పిల్లల పరీక్షలు. వీటిలో ఒక్కటీ అబద్ధం కాదు. చిక్కంతా అక్కడే ఉంది. పది నిజాలు వరసగా పేర్చి కూడా ఒక మనిషిని కదలకుండా కట్టెయ్యొచ్చు.

రాయచోటిలో అక్క దగ్గర సురయ్యా కూతురు మెహజబీన్ పెరుగుతోంది. వదిలి వచ్చినప్పుడు రెండేళ్లది. ఇప్పుడు ఏడు. సురయ్యా మాటలు రికార్డు చేసి క్యాసెట్లు పంపేది. ఊరి నుంచి తిరిగొచ్చిన క్యాసెట్లో ఒకసారి అక్క గొంతు, "మీ అమ్మ యాడుందో చెప్పు పాపా" అని అడిగింది.

"టేప్‌రికార్డర్లో" అంది పిల్ల.

ఆ రోజు సురయ్యా అన్నం తినలేదు. మళ్లీ పోయి కఫీలును అడిగింది. వేసవి సెలవులు అయిపోనీ, అన్నాడు.

ఆ వేసవిలో, తొంభై రెండు జూలైలో, కఫీలు కుటుంబమంతా మధ్యధరా సముద్రంలో ఉన్న సైప్రస్ దీవికి విహారానికి బయలుదేరింది. పిల్లల్ని చూసుకోవడానికి సురయ్యా. ఘనీ ఎందుకంటే, అక్కడ ఇంగ్లీషువాళ్లు నేర్పిపోయిన పద్ధతి, బళ్లు ఎడమవైపున పోతాయి.

"ఎడమపక్కనా భాయ్?"

"ఎడమపక్కనే."

సురయ్యా బత్హా బజారులో ఎప్పుడో కొన్న పచ్చ గౌను, ఏడేళ్ల పిల్లకు సరిపోయేది, తన చేతిసంచి అడుగున పెట్టుకుంది.

లార్నాకాలో దిగగానే ఎర్ర నంబరు ప్లేటున్న కారు అద్దెకు తీసుకున్నారు. ఎర్ర ప్లేటంటే నడిపేవాడు పరాయివాడని ఆ దీవిలో అందరికీ తెలుసు, దారిచ్చేస్తారు. మొదటి రోజు కఫీలే నడుపుతానన్నాడు. మలుపు దగ్గర సిగ్నలు వెయ్యబోతే వైపర్లు ఊగాయి. ఎండలో వైపర్లు ఆడించుకుంటూ పోయి హోటలు గోడను గీశాడు. తాళాలు ఘనీ చేతిలో పెట్టాడు.

సముద్రం పక్క రోడ్డు తిన్నగా, పొట్టిగా ఉండేది. ఖర్జూరపు చెట్లు, పడవలు, ఐస్‌క్రీం బండ్లు. అంత చిన్న దూరానికి పెద్దగా ఏమీ కాలేదు. ఒక చౌరస్తాలో దారి తెలియక మూడుసార్లు తిరిగినప్పుడు మాత్రం కారునిండా మిరపకాయ బజ్జీల వాసన కమ్ముకుంది. పిల్లలు ఆకలన్నారు.

ఐదో రోజు కఫీలు తల్లి విసనకర్ర పక్కన పడేసింది. "ఈ చెమటకు రియాదే నయం. కొండలున్నాయన్నారుగా, పోదాం పదండి."

"రెండు గంటల దారి, అన్నీ మలుపులే" అన్నాడు ఘనీ.

"నువ్వు నడపలేవా ఏంటి?" అన్నాడు కఫీలు.

"నడుపుతాను. యాడికి పోతామో మాత్రం నన్నడగొద్దు."

అందరూ ఎక్కారు. సురయ్యా చేతిసంచి ఒళ్లో పెట్టుకుంది. ద్రాక్షతోటలు దాటాయి. కాఫీ కొట్ల ముందు కుర్చీలేసుకున్న ముసలివాళ్లు చెయ్యెత్తారు. తర్వాత దేవదారు చెట్లు, చల్లగాలి. ఒక మలుపు, ఇంకో మలుపు. ఏడో మలుపు దగ్గర చెట్లు పలచబడి నేల ఎర్రబడింది. ఎనిమిదో మలుపులో ఎదురుగా లారీ ఒకటి హారను మోగించుకుంటూ వచ్చింది, ముందు నిమ్మకాయలు కట్టుకుని. తొమ్మిదో మలుపులో గువ్వలచెరువు ఘాటు, కడప నుంచి రాయచోటి పోయే దారి. కోతులు, తంగేడు పొదలు, వరసగా పాలకోవా కొట్లు.

"ఇక్కడ బండి ఆపుకోనిస్తారా?" అని అడిగాడు కఫీలు.

ముసలామె పాలకోవా నోట్లో వేసుకుని, చక్కెర ఎక్కువైందంటూనే రెండోది తీసుకుంది. చిన్నపిల్ల చేతిలోది కోతి లాక్కుపోయింది. సురయ్యా కారు దిగి నేలమీద నిలబడింది, ఊరికే.

ముందు చెక్‌పోస్టు. ఖాకీ చొక్కా కానిస్టేబులు ఎర్ర ప్లేటు చూసి లాఠీ అడ్డం పెట్టాడు.

"కాగితాలు."

కఫీలు మెడలో ఎప్పుడూ ఒక తోలుసంచి వేలాడుతుంది, అందరి పాస్‌పోర్టులూ అందులోనే. ఐదేళ్లలో సురయ్యా అడిగినా, ఘనీ అడిగినా ఆ సంచి జిప్పు తెరుచుకోలేదు. కానీ యూనిఫారం వేసుకున్నవాడు చెయ్యి చాపితే మొత్తం ఇచ్చెయ్యడం అతనికి అలవాటు. ఇచ్చేశాడు.

కానిస్టేబులుకూ తన అలవాటొకటుంది. బస్సుల్లో గుర్తింపు కార్డులు చూసి చూసి, ఫొటో ఎవరిదైతే వాళ్ల చేతికే తిరిగిస్తాడు. ఒక్కొక్కటే తెరిచి, మొహం చూసి ఇచ్చుకుంటూ పోయాడు. "అబ్దుల్ ఘనీ. నువ్వేనా? ఇంద." తర్వాతది. "సురయ్యా. ఇందమ్మా."

ఆమె చేతిలో పడింది. అట్ట చెమటకు మెత్తబడి ఉంది.

"అది ఇలా ఇవ్వు, పోగొడతావు" అన్నాడు కఫీలు.

"ఇయ్యను" అంది సురయ్యా. అరబ్బీలో, నెమ్మదిగా. "రెండేళ్లన్నారు, ఐదేళ్లు చేసినాను. జ్వరమన్నారు, ఉన్నాను. యుద్ధమన్నారు, మీ పిల్లల్ని కడుపులో దాచుకుని కూర్చున్నాను. నేను పోకుండా ఉండటానికి ఇంకో కారణం ఉంటే చెప్పండి, వింటాను. లేకుంటే ఇది మా ఊరి రోడ్డు."

కఫీలు కారణం కోసం వెతుక్కున్నాడు. కొండల వైపు చూశాడు. "లార్నాకా నుంచి నీ తిరుగు టికెట్ ఉంది కదా. దండగవుతుంది."

"కానీలే" అంది ముసలామె, వేళ్లు తుడుచుకుంటూ. "పిల్లకు పాలు పట్టిన చెయ్యి. పోనీ."

మదాం చిన్నదాన్ని తన ఒళ్లోకి తీసుకుంది. ఆ పిల్ల ఏడ్చింది. సురయ్యా దాని నుదుటి మీద ముద్దు పెట్టుకుంది. ఆ ఒక్కటే కష్టమైంది.

"నువ్వు భాయ్?"

"వీళ్లను బీచ్ కాడ దింపాల గదా. ఇంగో ఆర్నెల్లు పనుండాది నాకు." ఘనీ తన పాస్‌పోర్టు చొక్కా జేబులో పెట్టి గుండీ పెట్టుకున్నాడు. కఫీలు చూశాడు, అడగలేదు. అడిగితే వెనక్కి నడిపేదెవరు? "ఇంక దోవ తెలిసింది లే మే. పో."

కడప నుంచి వచ్చిన ఎర్రబస్సు ఆగింది. సురయ్యా చేతిసంచితో ఎక్కింది. కిటికీలోంచి చూస్తే కారు వచ్చిన దోవనే మలుపు తిరుగుతోంది, ఎడమవైపుకే అతుక్కుని.

రాయచోటిలో అక్క ఇల్లు చేరేసరికి మధ్యాహ్నం మూడైంది. తలుపు దగ్గరికి వేసుంది. లోపల తన గొంతే వినిపిస్తోంది: "బాగా తింటాండావా బంగారూ? పెద్దమ్మ చెప్పినట్టు వింటాండావా?" బురఖా అంచున సముద్రపు ఇసుక ఇంకా తడిగానే ఉంది.

తలుపు తోసింది. చాప మీద పడుకుని టేప్‌రికార్డరుకు చెవి ఆనించిన పిల్ల తలెత్తింది.

"బాగా తింటాండావా బంగారూ?" అంది సురయ్యా.

మెహజబీన్ పెట్టె వైపు చూసింది. గుమ్మం వైపు చూసింది. రెండు వైపులా అదే గొంతు. లేచి కూర్చుని, వేలితో నొక్కి టేప్‌రికార్డరు ఆపేసింది.