పని అడగడానికి వచ్చిన కాలేజీ

పొద్దున షట్టరు ఎత్తేసరికి మా ఇంజనీరింగ్ కాలేజీ బయట నిలబడి ఉంది. పని కావాలంటోంది.

మూడంతస్తుల కట్టడం మా సందులో పట్టడం కష్టమే. ఒక భుజం జిరాక్సు షాపు మీద ఆనించి, రెండో భుజం కరెంటు తీగలకి తగలకుండా ముడుచుకుని నిలబడింది. ఆటోలవాళ్లు తిట్టుకుంటూ దాన్ని చుట్టి పోతున్నారు. ఒంటి మీద పాత ఫ్లెక్సీ ఒకటి శాలువాలా కప్పుకుంది. ఆ ఫ్లెక్సీలో నా మొహం ఉంది. మొహం కింద ఒక కంపెనీ పేరుంది. ఆ కంపెనీ నాకు ఆఫర్ లెటరైతే పంపింది గానీ, ఎప్పుడొచ్చి చేరాలో ఈనాటికీ చెప్పలేదు.

నా పేరు నాగజ్యోతి. ఎలక్ట్రానిక్స్‌లో బీటెక్. మాది కర్రీ పాయింటు. ఇంటి ముందు గదిలోనే కూరలు వండి, కవర్లలో కట్టి అమ్ముతాం. కోటి విద్యలు కూటి కొరకే అంటారు గదా, నేను ఆ కోటినీ పక్కన పెట్టి నేరుగా కూటి దగ్గరికే వచ్చేశాను.

"ఏం పనొచ్చు నీకు?" అని అడుగుతాను.

"అనుభవజ్ఞులైన అధ్యాపక బృందం, విశాలమైన తరగతి గదులు, ఆహ్లాదకరమైన వాతావరణం," అంటుంది కాలేజీ.

"అది కాదయ్యా. పని. పనేమొచ్చని అడుగుతన్నా."

కాలేజీ ఆలోచిస్తుంది. ఆలోచిస్తున్నంతసేపూ రెండో అంతస్తులో ట్యూబులైటు ఒకటి కొట్టుకుంటుంది.

"నేర్చుకుంటాను, మేడమ్."

మేడమ్! నాలుగేళ్లు నన్ను రోల్ నంబరు పెట్టి పిలిచింది ఇదే. నా కడుపు ఎంత చల్లగా ఉందో చెప్పలేను.

"ఎక్స్‌పీరియన్సు?"

"ఫ్రెషర్‌ని."

"ఫ్రెషర్లని తీసుకోం."

"అనుభవం లేందే పని ఇవ్వరు. పని ఇవ్వందే అనుభవం ఎలా వస్తుంది, మేడమ్?"

"ఈ ముక్క నేను నీ సెమినార్ హాల్లో లేచి నిలబడి అడిగా. ఏం చెప్పావప్పుడు?"

"పాజిటివ్‌గా ఉండమన్నాను."

"ఉండు మరి."

మా అమ్మ సామ్రాజ్యం కొంగుతో చేతులు తుడుచుకుంటూ బయటికి వస్తుంది. కాలేజీని కింది నుంచి పైదాకా చూస్తుంది. చూసి నా నెత్తిన ఒక్కటి మొడుతుంది.

"చదువు చెప్పిన కాలేజీని గడప బయట నిలబెడతావంటే? కళ్లు పోతాయ్!"

గ్లాసుతో మజ్జిగ తెచ్చి కింది కిటికీలోంచి పోస్తుంది. కాలేజీ గటగటా తాగుతుంది. పెచ్చులూడిన గోడ మీద చెమ్మ మెల్లగా పైకి పాకుతుంది.

"ఏం నాయనా, ఇట్టా అయిపోయావు?" అంటుంది అమ్మ.

"పిల్లలు రావడం లేదమ్మగారూ. కొన్నాళ్లు నన్ను పెళ్లిళ్లకి అద్దెకిచ్చారు. కొన్నాళ్లు మిరపకాయ బస్తాలు వేశారు. ఇప్పుడు బస్తాలు కూడా రావడం లేదు."

ఆ మాట అనగానే దాని లోపల ఎవరో తుమ్ముతారు. అమ్మ కళ్లొత్తుకుంటుంది. ఆఫర్ లెటరు ముందు పెట్టుకుని నేను ఇంట్లో కూర్చున్న రోజుల్లో నా మీద ఇంత జాలి చూపించలేదు ఈ మనిషి. "కూర్చుని తినడానికి సిగ్గుండాల," అనేది.

సరే, అమ్మ మాట తీసెయ్యలేక కాలేజీకి ఓ పరీక్ష పెడతాను. తట్టెడు దొండకాయలు మెట్ల మీద పెట్టి, చక్రాల్లా తరగమంటాను. తలుపులన్నీ మూసుకుని అది పనిలోకి దిగుతుంది. లోపల గంట మోగుతుంది, మళ్లీ మోగుతుంది. తలుపు తెరిచాక చూస్తే నల్లబల్ల నిండా రాసి ఉంది: దొండకాయ అనగానేమి, దొండకాయ రకాలు, దొండకాయ వల్ల లాభనష్టాలు. పక్కన పటం గీసి భాగాలు గుర్తించింది. కాయలు మాత్రం తట్టలో పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి.

"దీనికి పదహారు మార్కులు," అంటుంది కాలేజీ ఆశగా.

"నీ మొహం," అంటాను.

ఇంతలో మా చెల్లెలు యామిని తడిజుట్టు తువ్వాలుతో చుట్టుకుని వస్తుంది. ఇంటర్ పాసయింది. ఏ కాలేజీ కావాలో సాయంత్రంలోపు ఆన్‌లైన్‌లో ఆప్షన్లు పెట్టాలి. పెట్టమని నేను చెప్పాలి. నాన్న లేడు కాబట్టి మా ఇంట్లో అవునూ కాదూ రెండూ నేనే. వారం నుంచి నా వెనకే తిరుగుతోంది, నేను ఉప్పు సరిపోయిందా అనో, కవర్లు అయిపోయాయనో మాట దాటేస్తున్నాను.

"అక్కా, ఇదేనా మీ కాలేజీ? అబ్బ, ఎంత పెద్దగుందో!"

"పైకి అట్టానే ఉంటది."

"ఇవాళన్నా చెప్పు. పొమ్మంటావా, వద్దంటావా?"

"వద్దు."

"ఎందుకు?"

"చదవేస్తే ఉన్న మతి పోయిందంట. నన్ను చూస్తన్నావుగా, ఇంకా ఎందుకని అడుగుతావే?"

"నువ్వు తినొచ్చి కడుపునొప్పంటన్నావు. నేనింకా తిననే లేదు గదక్కా."

దీనికి నోరు ఎక్కడినుంచి వచ్చిందో నాకు తెలుసు. నా దగ్గర్నుంచే వచ్చింది.

"సరే, పోను," అంటుంది మళ్లీ అదే. "పోకపోతే ఏం చెయ్యను? అది చెప్పు."

నేను దొండకాయల తట్ట తీసి లోపల పెట్టొస్తాను. పోతే ఏమవుతుందో నాకు తెలుసు. పోకపోతే ఏమవుతుందో అమ్మకి తెలుసు. అమ్మ బడి మొహం చూడలేదు, నేను నాలుగేళ్లు కాలేజీ మొహం చూశాను, ఇద్దరం ఒకే గరిటె పట్టుకుని వంతులేసుకుంటున్నాం. యామినికి వేరే దారి చెప్పడానికి ఇంకో ఆడమనిషి మా ఇంట్లో లేదు.

"లోపలికెళ్లి చూసొస్తా," అంటాను చివరికి. "నా నాలుగేళ్లనీ ఇది ఏం చేసిందో చూసొచ్చి, అప్పుడు చెప్తా. నువ్వు ఇక్కడే ఉండు."

కాలేజీ వంగి మెట్లు కిందికి దించుతుంది.

లోపల వరండా నేను నడిచినకొద్దీ పొడుగవుతోంది. కంగారు పడకుండా నడుస్తాను, అప్పట్లోనూ ఇంతే. ల్యాబులో యంత్రాలు కవర్లు కప్పుకుని వరసగా నిద్రపోతున్నాయి. కవర్లు మెల్లగా పైకీ కిందికీ ఆడుతున్నాయి. మా బ్యాచ్‌లో వాటిని ముట్టుకోనిచ్చేవాళ్లు కాదు, పాడైపోతాయని. ఒకదాని మీద చెయ్యి పెడతాను. వెచ్చగా ఉంది. అటు ఒత్తిగిలి పడుకుంటుంది.

పై అంతస్తులో ఒక గదిలో క్లాసు జరుగుతోంది. చెప్పేవాళ్లెవరూ లేరు. బోర్డు తనంతట తనే రాసుకుని, తనే తుడుచుకుంటోంది. కిటికీ పక్క బెంచీలో ఒకే ఒక్క పిల్ల కూర్చుని ఉంది. బిగించి అల్లిన జడ, మెడలో ఐడీ కార్డు, నోట్లో పెన్ను. అది నేనే. పంతొమ్మిదేళ్ల నేను.

బోర్డు వంక చూడటం లేదు. బయటికి చూస్తోంది. బయట ఏమీ లేదు, పత్తిచేలూ హైవే మీద పోయే లారీలూ తప్ప. అయినా చూస్తోంది. దానికి ఎవరూ ఏ పనీ చెప్పడం లేదు. ఆ గంటసేపూ అది ఎవరి కూతురూ కాదు, ఎవరికీ అక్క కాదు. నాకు ఒళ్లు మండిపోతుంది. అసూయ, ఇంకేం కాదు.

"కొత్త ల్యాబ్ అసిస్టెంటా, మేడమ్?" అని లేచి నిలబడుతుంది.

"కాదు. కూర్చో. చదువయ్యాక ఏం చేద్దామని?"

"ప్లేసవుతాను."

"కాకపోతే?"

నవ్వుతుంది. కాకపోవడం సిలబస్‌లో లేదంటుంది.

"కర్రీ పాయింటు పెడతావు," అంటాను.

"భలేవారే మేడమ్. అవి సరిగ్గా చదవనోళ్లు పెట్టుకుంటారు."

లాగి ఒక్కటిద్దామని చెయ్యి ఎత్తుతాను. చెంప నాదే కాబట్టి దింపుతాను.

"లే. ఇంటికి పోదాం పద," అంటాను.

గోడ మీది స్పీకరు గరగరమంటుంది. కాలేజీ మాట్లాడుతోంది. "కుదరదు మేడమ్. ఈ చోటు ఖాళీగా ఉంచడానికి మాకు అనుమతి లేదు. ఒకరు లేవాలంటే ఒకరు కూర్చోవాలి."

"ఎవరూ కూర్చోరు. నీకు దిక్కున్న చోట చెప్పుకో."

"కూర్చున్నారు మేడమ్."

తిరిగి చూస్తాను. యామిని. నా వెనకే మెట్లెక్కి వచ్చినట్టుంది, తువ్వాలు ఇంకా నెత్తినే ఉంది. బెంచీ చివర కూర్చుని, "కాస్త జరుగు," అంటోంది పంతొమ్మిదేళ్ల నాతో. పక్కపక్కన చూస్తే ఇద్దరి ముక్కూ ఒకటే. నేను అనుకున్నంత బాగుండదు ఆ ముక్కు.

"యామినీ, లేస్తావా లేవవా?"

అది తువ్వాలు విప్పి జుట్టు కిటికీవైపు ఆరబోస్తుంది.

"ఇక్కడ గాలి బాగా వస్తందక్కా," అంటుంది.

వస్తుంది. నాకు తెలుసు. ఆ కిటికీ గాలి నేను నాలుగేళ్లు తాగాను. ఆ తర్వాత నా బతుకులో అలాంటి గాలి ఇంకెక్కడా తగల్లేదు. ఉద్యోగం ఇవ్వని చదువు, కనీసం ఒక ఫ్యూజు కట్టడం నేర్పని చదువు, గాలి మాత్రం ఇచ్చింది. ఈ సంగతి ఇంతవరకూ ఎవరితోనూ అనలేదు, అంటే నవ్వుతారు. ఇప్పుడు వద్దని చెప్పడానికి నోరు రావడం లేదు. అలాగని సరే అని కూడా అనడం లేదు.

పంతొమ్మిదేళ్ల పిల్ల లేచి నా చెయ్యి పట్టుకుంటుంది. దాని అరచెయ్యి మెత్తగా ఉంది, ఒక్క కాలిన మచ్చా లేదు. దాన్ని తీసుకుని కిందికి దిగుతాను.

బయటికొచ్చి చూస్తే కాలేజీ నిటారుగా నిలబడి ఉంది. ఫ్లెక్సీ తీసి మా షాపు చూరు మీద పడేసింది. జిరాక్సు షాపు మీద ఆనించిన భుజం తీసేసింది, కరెంటు తీగలంటే ఇప్పుడు లెక్కలేదు.

"పని సంగతేం చేద్దామనుకుంటన్నావు?" అని అడుగుతాను.

"ఇక అవసరం లేదు. అడ్మిషన్ వచ్చింది." గొంతు మారిపోయింది. "ఇదిగో అమ్మాయ్, నీ రోల్ నంబరెంత?"

నంబరు చెప్పేస్తాను. నా నోరు నా మాట వినలేదు.

అమ్మ నన్ను దాటుకుని వచ్చి ఆ పిల్లని కావలించుకుంటుంది. "ఎంత చిక్కిపోయావే నా తల్లీ!" అని తల నిమురుతుంది. తర్వాత నావైపు తిరిగి, "కాస్త పక్కకి జరుగమ్మా, పిల్ల అలిసిపోయి వచ్చింది," అంటుంది మర్యాదగా. చాల్లే సంబడం అనుకుని జరుగుతాను.

అడ్మిషన్ వచ్చింది కాబట్టి కాలేజీకి పై అంతస్తు మొదలవుతుంది. డాబా మీద ఊచలు మొలుస్తున్నాయి. వాటి మధ్య ఒక ముసలామె గొంతుక్కూర్చుని, తాపీతో సిమెంటు మెత్తుతోంది. జుట్టు మొత్తం తెల్లబడింది. అమ్మకన్నా పెద్దది. కిటికీ దగ్గర ఆరబోసినట్టే జుట్టు ఒక పక్కకి వేసుకుని ఉంది. యామిని.

కింద అదే కిటికీలో పద్దెనిమిదేళ్ల యామిని కూడా ఉంది. తన పక్క గోడలోంచి ఇటుకలు పీకి పైకి అందిస్తోంది. కింది చేతికీ పై చేతికీ మధ్య ఒక అంతస్తు ఉంది. అయినా అందుతున్నాయి. కింది యామిని హుషారుగా నవ్వుతోంది. పై యామిని నవ్వడం లేదు, ఏడవడం లేదు, పనిలో ఉంది.

"ఏం కడతన్నావే?" అని అరుస్తాను.

"ఇంకా తెలీదక్కా," అంటుంది ముసలామె. "అయితేగాని తెలీదు."

"కింద గోడ అయిపోతందే, పిచ్చిదానా! కూలిపోతావే!"

"అందుకే అడుగుతన్నా. మీ దగ్గర ఇటుకలేమన్నా ఉన్నయ్యా?"

నేను తిడదామని ఊపిరి పీల్చేలోపే అమ్మ మా ఇంటి గోడలోంచి ఒక ఇటుక ఊడదీస్తుంది. పంతొమ్మిదేళ్ల పిల్లకి ఇస్తుంది. ఆ పిల్ల పైకి అందిస్తుంది. అమ్మ ఇంకొకటి తీస్తుంది. గోడలో పడిన కంతలోంచి మా కంచాలు, మా బట్టలు, మా దేవుడి పటం అన్నీ రోడ్డు మీదికి కనబడుతున్నాయి. కూరలకొచ్చినవాళ్లు గిన్నెలు పట్టుకుని నిలబడి చూస్తున్నారు. వాళ్ల ఇళ్లలోనూ పిల్లలున్నారు.

"నా బొంద చదువు, నా బొంద కాలేజీ," అని తిట్టుకుంటూనే సాంబారు పొయ్యి దగ్గర వంగుతాను. మంట ఆర్పను. పైన గంగాళం కుతకుతమంటూనే ఉంది. పొయ్యి కింది వరసలో ఒక ఇటుక వదులుగా ఉంది. చున్నీ చేతికి చుట్టుకుని లాగుతాను. గంగాళం ఒక పక్కకి ఒరుగుతుంది.

ముడతలుపడిన చేతులు రెండు అంతెత్తు నుంచి పొడవుగా కిందికి దిగివచ్చి, కాలుతున్న ఆ ఇటుకని అందుకుంటాయి. "అబ్బా," అంటుంది యామిని పైనుంచి. ఊదుకుంటూ దాన్ని పైకి తీసుకుపోతుంది. కాసేపటికి ఆ చేతులు ఖాళీగా మళ్లీ నా ముందుకి వస్తాయి.

"ఇంకోటక్కా," అంటుంది.